తాటిచెట్ల మీద పడ్డ హెడ్‌లైటు

సగం గ్లాసు చాయ్ చల్లారేలోపు మోటార్ సైకిల్ హెడ్‌లైటు బల్బు మార్చి పంపేవాణ్ణి నేను. జనగామలో పని నేర్చుకున్న నాటి నుంచి కేసముద్రంలో షెడ్డు వదిలేసిన నాటి వరకు, నలభై ఏళ్లలో, నా చేత్తో పెట్టిన బల్బు ఒక్కటంటే ఒక్కటి తిరిగి నా దగ్గరికి రాలేదు. చెల్పూర్‌లో కరెంటు కేంద్రం కడుతున్న రోజుల్లో అక్కడ కొన్నాళ్లు పనిచేశాను. ఇంజనీర్లు పందెం వేస్తే, జోరు వానలో, కళ్లకు రుమాలు కట్టుకుని బల్బు మార్చాను. వాళ్లు నిలబడి చప్పట్లు కొట్టారు.

కొత్తగా షెడ్డు పెట్టుకున్న పిల్లల కోసం ఏదైనా రాయమని మా మెకానిక్‌ల సంఘం వాళ్లు అడిగినప్పుడు, ఇంతవరకు రాసి పెన్ను మూసేద్దామనుకున్నాను. చదవడానికి బాగానే ఉంది. కానీ ఈ కాగితం చూసేవాళ్లలో నన్ను ఎరిగినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి, ముందే ఒప్పుకుంటున్నాను. చాయ్ సంగతి నిజం. రుమాలు సంగతి సగం నిజం. అది పల్చటి రుమాలు, అవతల అంతా కనిపిస్తూనే ఉంది. వాన లేదు. ఇంజనీర్లు లేరు, గేటు దగ్గర కాపలావాళ్లు ఇద్దరున్నారు. చప్పట్లు ఒకడే కొట్టాడు, రెండోవాడు బీడీ ముట్టించుకునే పనిలో ఉన్నాడు. బల్బు తిరిగి రాలేదన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఒకే బండి, ఒకే దీపం, మూడుసార్లు తిరిగి వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను.

కేసముద్రంలో మా షెడ్డు మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా ఉండేది. అందులో సగం నాది, సగం వైరింగ్ మేస్త్రిది. నాకంటే పదేళ్లు చిన్నవాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో తొమ్మిది నా పనికి వంకలు. సీజన్‌లో వడ్లు, మక్కలు, పత్తి వేసుకుని వచ్చే ట్రాక్టర్లతో ఆ రోడ్డు మీద మనిషి మాట మనిషికి వినపడేది కాదు. అమావాస్య నాడు మాత్రం మార్కెట్ మూసేవాళ్లు. ఆ రోజు మేమిద్దరం షెడ్డు ఊడ్చుకుని, మిగిలిన పొద్దంతా ఒకరి పనిలో ఒకరం తప్పులు వెతుక్కుంటూ గడిపేవాళ్లం. ఆయనకు ఎక్కువ దొరికేవి.

ఆ బండి నడిపేది ఒక ఆడమనిషి. మా మార్కెట్లోనే పనిచేసేది. యార్డులో ధాన్యం చాటలతో చెరిగే ఆడవాళ్లలో ఆమె ఒకరు. ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల అవతల తండాలో ఇల్లు. ఆమె భర్త ఒకప్పుడు అదే యార్డులో బస్తాలు మోసిన హమాలీ. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మహబూబాబాద్ దవాఖానలో మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. బండి ఆయనదే కానీ, సూదులు గుచ్చే చేయి కదా, నడపొద్దన్నారు. ఆమె నేర్చుకుంది. నెల తిరగకముందే ఆయన కంటే బాగా నడిపేది. ఈ మాట ఆయనే అనేవాడు, కొంచెం కుళ్లుకుంటూ.

వాళ్లది పొద్దున ఆరింటి వంతు. ఆ వేళకు తండాకు బస్సు లేదు. చీకటి ఉండగానే బయలుదేరాలి. ఆలస్యమైతే ఆ వంతు తరువాతి మనిషికి పోతుంది. పోవలసిందే, వాళ్లదీ ప్రాణమే. కాబట్టి ఆ బండి దీపం అంటే వాళ్ల ఇంట్లో అలంకారం కాదు. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను, అదే చెప్పుకోవలసింది.

ఒక సాయంత్రం యార్డులో ట్రాక్టర్ వెనక్కి వస్తూ ఆమె బండిని ఒరుసుకుంది. హెడ్‌లైటు డూమ్, అంటే ముందు అద్దమూ దాని వెనక మెరిసే గిన్నె, రెండూ కలిసిన ఆ ముక్క చితికిపోయింది. మర్నాడు నా దగ్గరికి తెచ్చింది. కంపెనీది కావాలంటే వరంగల్ నుంచి రావాలి, రెండు రోజులు పడుతుంది. ఆమెకు తెల్లవారితే దవాఖాన. నా దగ్గర బయటి రకం డూమ్ ఒకటి ఉంది. గుండ్రటిది. సైజు సరిపోయింది. గుండ్రటిది కాబట్టి ఎటు తిప్పి పెట్టినా సరిపోతుంది. నా కొంప ముంచింది అదే.

అద్దం అంచున వేలిగోరంత బాణం గుర్తు ఉంది. దాన్ని నేను చూడలేదనుకునేరు. చూశాను. చూసి, ఆలోచించాను కూడా. దీపం వెలుగు ఎక్కడ పడాలి? నేల మీద. మరి బాణం ఎటు ఉండాలి? నేల వైపు. ఇంత చక్కగా ఆలోచించి బాణం కిందికి వచ్చేలా పెట్టి, స్క్రూలు బిగించాను. బిగిస్తుండగా ఆమె ఏదో అంది. అప్పుడే మక్కల ట్రాక్టర్లు వరసకట్టి గేటులోకి పోతున్నాయి, ఆ చప్పుడులో నాకు వినపడలేదు. తలూపాను.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. స్విచ్ వేసి దీపం ముందు అరచేయి పెట్టి చూశాను. వెలుగుతోంది. "పో బిడ్డా, చెల్పూర్ దాకా పోయినా నీకు తిరుగులేదు" అన్నాను.

మర్నాడే మధ్యాహ్నం, దవాఖాన నుంచి వస్తూ, ఇద్దరూ మా షెడ్డు ముందు ఆగారు.

"బాపు, లైటైతే మస్తుగున్నది గని రోడ్డు మీద పడ్తలేదు" అంది.

"మరెక్కడ పడ్తున్నది బిడ్డా?"

వెనక సీటు మీది నుంచి ఆయన అందుకున్నాడు. "తాటిచెట్ల మీద, కాక. ఏ చెట్టుకు కల్లుకుండ ఉన్నదో, ఏ చెట్టుకు లేదో సాఫ్ కనవడ్తున్నది. గుంతలే కనవడ్తలేవు. కల్లు గీసెటాయన గూడ పరేషాన్‌ల వడ్డడు, పొద్దు పొడవక ముందు నా కుండల మీదికి లైటు కొట్టేటోడు ఎవడని."

డూమ్ వెనక రబ్బరు టోపీ తీసి లోపల చూశాను. ఈ రకం బల్బు అడుగున రేకు బిళ్ల ఉంటుంది. దానికి మూడు చెవులు. పెద్ద చెవి పైకి ఉండాలని నలభై ఏళ్లుగా నా వేళ్లకు తెలుసు. ఇక్కడ పెద్ద చెవి కూర్చునే గాడి కిందికి ఉంది. నేను గట్టిగా నవ్వాను. నా పక్కన వైరింగ్ మేస్త్రి నవ్వలేదు.

"చూసినవా తమ్మీ, గీ డూమ్ చేసినోడు గాడి ఉల్టా కోసిండు."

"అన్నా, గసుంటి డూమ్‌లు ఎన్నో చేస్తడు వాడు. అన్నింటికీ ఉల్టా కోస్తడా?"

"కోసిండు గద, కండ్ల ముంగటనే ఉన్నది."

"జర మళ్ల చూడు."

"నీది వైర్ల పని. వైర్లు చూసుకో."

ఆకురాయి తీసుకుని బల్బు చెవులు అరిగిపోయేదాకా రాసేశాను. చెవులు లేని బల్బు ఎటు తిప్పితే అటు కూర్చుంటుంది. తలకిందులుగా తిప్పి పెట్టాను. వెలుగు తాటిచెట్ల మీది నుంచి దిగి రోడ్డు మీదికి వచ్చింది. మేస్త్రి వైపు చూసి మీసం సవరించుకున్నాను. ఆయన టెస్టర్ జేబులో పెట్టుకుని, ఆ రోజుకు మిగిలిన మాటలు మింగేసి, తన వైపు వెళ్లిపోయాడు.

పిల్లలూ, కంపెనీవాడు బల్బుకు ఆ చెవులు ఊరికే పెట్టడు. బల్బు కదలకుండా పట్టుకునేవి అవే. అవి లేకపోతే మిగిలేది ఒక సన్నటి స్ప్రింగు తీగ. మా రోడ్లకు ఆ తీగ ఎంతకని ఓర్చుకుంటుంది? ఆరు రోజులు ఓర్చుకుంది. ఏడో రోజు తెల్లవారుజామున ఒక కల్వర్టు దగ్గర బండి ఎగిరేసరికి బల్బు జారి డూమ్‌లో పడింది. చీకటి. మహబూబాబాద్ ఇంకా చాలా దూరం.

ఆ పొద్దు వాళ్లు ఎట్లా పోయారో, సాయంత్రం తిరిగి వస్తూ షెడ్డు దగ్గర ఆగినప్పుడు, నాకు ఆయనే చెప్పాడు. "ఇయ్యాల హెడ్‌లైటు నేనే, కాక. సెల్ఫోన్ లైటు ఆమె భుజం మీదికెళ్లి వట్టుకొని కూసున్న. చెయ్యి గుంజితె ఇంకో చెయ్యి. నీ బల్బు కంటె నేనే నయం, గుంతల పడ్డా ఆరిపోలే."

ఆయన చెప్పులు చేతిలో ఉన్నాయి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. వంతు పోయింది, వాళ్లు చేరేసరికి ఆరున్నర దాటింది. దవాఖానవాళ్లు పంపించేయలేదు, ఖాళీ దొరికినప్పుడు ఎక్కిస్తామని కూర్చోబెట్టారు. అది దొరికేసరికి మధ్యాహ్నమైంది. అంతసేపూ ఆయాసంతో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి నా ముందు జోకులు వేస్తున్నాడు.  ఆమె మాత్రం బండి స్టాండు వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, నల్లా దగ్గర మొహం కడుక్కోవడానికి పోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది.

అప్పుడన్నా బుద్ధి రావాలి కదా. రాలేదు. కొత్త బల్బు తీసి దాని చెవులు కూడా రాశాను. ఈసారి జారకుండా సైకిల్ ట్యూబు ముక్క ఇరికించాను. బల్బు వేడికి రబ్బరు మాడింది. నాలుగు రోజుల తర్వాత ఆమె వచ్చి, "బాపు, తొవ్వ పొడుగునా టైరు కాలిన వాసన" అంది. మూడో బల్బు. అది రాగి తీగతో కట్టాలనుకున్నాను. రాగి తీగ ఉన్నది మేస్త్రి దగ్గర.

"ఎందుకన్నా?"

"ఇంటికాడ తడిక ఊగుతున్నది, కట్టాలె."

ఆయన నన్ను చూశాడు, ఆమె బండిని చూశాడు, మూరెడు తీగ కత్తిరించి ఇచ్చాడు.  ఇప్పుడు తలుచుకుంటే, ఆయన నాకు చేసిన మర్యాదల్లో అది పెద్దది. అబద్ధమని తెలిసి కూడా తడిక ఏ గదిదని అడగలేదు.

తీగ కట్టిన వారానికి మంచు పడింది. మార్గశిరంలో మా వైపు పడే మంచు మీకు తెలుసు, చేయి చాపితే వేళ్లు కనిపించవు. తెల్లవారుజామున ఫోన్.

"బాపు, లైటు వోయింది. చెరువుకట్ట మీద ఆగినం. ముంగట రోడ్డున్నదో నీళ్లున్నయో తెలుస్తలేదు."

ఆమె గొంతులో భయం మొదటిసారి విన్నాను. "ఆడనే ఉండు బిడ్డా, కదలకు" అని, లుంగీ మీదనే నా బండి తీశాను. వెళ్లేసరికి కట్ట మీద ఇద్దరూ బండికి చెరో పక్క నిలబడి ఉన్నారు. ఆయన దుప్పటి కప్పుకుని, ఫోన్ లైటు పైకి ఎత్తి పట్టుకున్నాడు, నాకు ఆనవాలుగా.

"నా ఎనకాల ఎర్రలైటు మీదనే కన్ను వెట్టి రా. నేను ఆగితె ఆగు" అన్నాను.

ఆ పొద్దు నేను నడిపినంత జాగ్రత్తగా నా పెళ్లి ఊరేగింపులో జీపు డ్రైవర్ కూడా నడపలేదు. గుంత వస్తే ముందే చేయి ఊపేవాణ్ణి. అద్దంలో చూస్తే వెనక కన్నులేని బండి, దాని మీద రెండు నీడలు. నేను పెట్టిన దీపం వెలగకపోతే ఒక మనిషికి ఏమవుతుందో, పట్టణం చేరేవరకు అదే ఆలోచన. ఆరుకు ఐదు నిమిషాలు ఉందనగా దవాఖాన గేటు దాటాం. "మంత్రి బండికి గూడ ముంగట గిట్ల ఒక్కటే బండి ఉంటదా, కాక, రెండుంటయా?" అనుకుంటూ ఆయన లోపలికి పోయాడు. పడక మీద పడుకున్నాడని ఆమె వచ్చి చెప్పాక గానీ లుంగీ మీదనే వచ్చానని నాకు గుర్తు రాలేదు.

నాలుగు గంటలు కూర్చోవాలి. వరండాలో చాయ్ పట్టుకుని కూర్చున్నాను. అక్కడ గోడ పక్కన మిషనుకు వాడే మందునీళ్ల డబ్బాల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒకాయన తోపుడుబండి మీద ఇంకొన్ని తెచ్చి దింపుతున్నాడు. వార్డులో పనిచేసే అవ్వ ఒకామె వచ్చి ఆయన్ని పట్టుకుంది.

"గట్ల ఉల్టా పెడ్తవేందిరా? బాణం మీదికి ఉండాలె. గా మాత్రం తెల్వదా?"

చూశాను. ప్రతి పెట్టె మీదా బాణం. ప్రతి బాణమూ పైకి. చాయ్ గ్లాసు కింద పెట్టాను.

బాణం వెలుగు ఎటు పడాలో చెప్పదు. ఏ వైపు పైకి ఉండాలో చెబుతుంది. డూమ్ చేసినవాడు గాడి సరిగ్గానే కోశాడు. డూమ్‌నే నేను తలకిందులుగా పెట్టాను. పెట్టి, దాని లోపల బల్బును తలకిందులు చేసి, నా తప్పుకు సరిపోయేలా మూడు మంచి బల్బుల చెవులు కోశాను.

బండ్లు పెట్టే చోటికి పోయి డూమ్ ఊడదీస్తే, నేను కట్టిన రాగి తీగ వదులై బల్బు లోపల పడి ఉంది. తీగ జేబులో వేసుకుని, డూమ్‌ను బాణం పైకి తిప్పి పెట్టాను. నా బండి పెట్టెలో చెవులు కోయని బల్బు ఒకటి ఉంది. గాజుకు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకున్నాను; ఈ ఒక్కటి మాత్రం మొదటి నుంచీ సరిగ్గా చేశాను, రాసుకోండి. మూడు చెవులూ మూడు గాళ్లలో కూర్చున్నాయి. స్ప్రింగు తీగ 'టక్' మంది. రబ్బరు లేదు, రాగి తీగ లేదు, సగం చాయ్ చల్లారేంత పని.

ఇంకా మంచు విడలేదు, ఎండ రాలేదు కాబట్టి ఎదురు గోడ మీద వెలుగు బాగా కనిపించింది. జనగామలో మా ఉస్తాద్ గోడ మీద బొగ్గుతో అడ్డగీత గీసి పెట్టేవాడు. ఏ బండికి బల్బు మార్చినా దాన్ని ఆ గోడ ముందు నిలబెట్టాలి. వెలుగు గీత దాటి పైకి పోయిందా, నా చెంప పగిలేది. సొంత షెడ్డు పెట్టాక నేను గీత గీయాల్సిన గోడకు సామాన్ల బీరువా ఆనించాను. చెంప మీద కొట్టేవాడు లేడు కదా, అరచేయి చాలనుకున్నాను. ఆ రోజు దవాఖాన గోడ మీద వెలుగు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అయినా చెంప తడుముకున్నాను.

పది దాటాక ఆమె ఆయన్ని నడిపించుకుంటూ వచ్చింది. "తప్పు కంపెనీది కాదు బిడ్డా, నాది. బాణం మీదికి ఉండాలె" అని చెప్పాను. ఆమె డూమ్ వైపు వంగి చూసింది, తర్వాత నా వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో నేను అడగలేదు. కొన్ని అడగకుండా ఉంటేనే మంచిదని తోచింది.

సాయంత్రం షెడ్డులో మూరెడు రాగి తీగ మేస్త్రి బల్ల మీద పెట్టాను. "తడిక గట్టిగున్నదా అన్నా?" అన్నాడు. "ఉన్నది" అన్నాను. మర్నాడు ఇద్దరం కలిసి బీరువా జరిపాం. బొగ్గుతో గీత ఆయనే గీశాడు.

ఇప్పుడు షెడ్డు మొత్తం ఆయనదే. నాకు మోకాళ్లు వంగవు, సన్న స్క్రూలు రెండుగా కనిపిస్తాయి. పోయిన వారం ఇది రాసుకుని పోయి అక్కడే చదివాను. అదృష్టమో దురదృష్టమో, ఆమె హారన్ బాగుచేయించుకోవడానికి వచ్చింది. ఆమె భర్త కూడా వెనక సీటు మీద ఉన్నాడు. వంతు ఇప్పటికీ ఆరింటిదే. ఆ డూమ్ కూడా ఇప్పటికీ అదే.

కల్లుకుండల ముక్క చదివిన దగ్గర ఆయన పగలబడి నవ్వాడు. మేస్త్రి, రోజుకు పది మాటలన్నది ఎక్కువ రాశానన్నాడు. ఆమె సీటు మీద చేయి వేసి చివరిదాకా నిలబడి విన్నది.

"అంత మంచిగనే రాసినవ్ బాపు. ఒక్కటి మార్చు."

"ఏంది బిడ్డా?"

"ట్రాక్టర్ల చప్పుడుల నేనన్నది ఇనవడలేదని రాసినవ్. బాణం మీదికి ఉండాలె గద బాపు అన్న నేను. యార్డుల ఎన్ని పెట్టెలు చూడలే? నువ్వు ఇన్నవ్. ఇని, 'చాట వట్టుడు నీకు నేను నేర్పిన్నా?' అన్నవ్."

"అన్నానేమో బిడ్డా. యాది లేదు. ఆ ట్రాక్టర్ల లొల్లిల..."

"ఏ ట్రాక్టర్లు, బాపు? ఆ దినం అమాస. మార్కెట్ బంద్. కూలి లేకనే నీ కాడికి బండి తెచ్చిన."